వ్యూ ఉన్న గది

మా ఇంట్లో ఇంగ్లీషు అంటే నేనే. తాండూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి, మందు సీసా మీద రాసింది చదవడం దగ్గర్నుంచి బ్యాంకు పంపిన మెసేజీకి అర్థం చెప్పడం దాకా అన్నీ నా నెత్తినే పడతాయి. ఏదైనా మాట తెలియదంటే “మరి నీకు జీతం ఎందుకిస్తున్నరు?” అంటారు. అందుకని అడిగిన వెంటనే ఏదో ఒకటి చెప్పడం అలవాటైంది. ‘వ్యూ’ అనే మాటకు కూడా అలాగే చెప్పాను. తప్పేమీ చెప్పలేదు, డిక్షనరీలో ఉన్నదే చెప్పాను. అది చాల్లేదు.

మా ఊరు కోట్‌పల్లి వైపు. మాది గొర్రెలు కాసే ఇల్లు. నాయిన ఇప్పటికీ కాస్తాడు. రెండెకరాల చెలక, అంటే మెట్టచేను, ఉంది, అందులోనే ఇల్లు, దొడ్డి. చెలక దిగువన పడమటి దిక్కంతా నీళ్లు. ఆ నీళ్లను మేం ప్రాజెక్టు అంటాం. చిన్నప్పటి నుంచి దాన్ని రోజూ చూశాం, కానీ మేం చూసింది వేరు. నీళ్లు ఎంత దిగాయో చూసేవాళ్లం. దిగితే ఒడ్డున గడ్డి తేలుతుంది, గొర్రెలకు మేత దొరుకుతుంది. నాయిన నోట ‘బాగుంది’ అనే మాట ఈనిన గొర్రెపిల్లను చూసినప్పుడు విన్నాను, వాన పడ్డ చేనును చూసినప్పుడు విన్నాను. నీళ్లను చూసి అనగా ఎప్పుడూ వినలేదు. మాకు అమ్మ లేదు, చిన్నప్పుడే పోయింది. ఉంటే ఆమె అనేదేమో తెలియదు.

అక్క సంగతి చెప్పాలి. బావ జబ్బు చేసి పోయాక అక్క ఏడాది పాటు అత్తగారింట్లో ఉండి చూసింది. పిల్లల్లేరు. అక్కడ ఆమెకు పని తప్ప మరేమీ మిగల్లేదని తేలిపోయాక నాయిన దగ్గరికి వచ్చేసింది. మా అన్న లింగంపల్లిలో ఉంటాడు, వదిన కూడా ఉద్యోగం చేస్తుంది, ఇద్దరు పిల్లలు. అక్క వచ్చి తమ ఇంట్లో ఉంటే అందరికీ బాగుంటుందని అన్న అన్నాడు. చెడ్డ మనసుతో అన్నది కాదు. నాయినకు కూడా అదే సబబనిపించింది.

“నేనున్నన్ని దినాలు ఫికర్ లేదు. నేను పోయినంక ఎవరి మొకం చూస్తవ్ బిడ్డా?” అన్నాడు.

“అన్న మంచోడే. తిండి పెడ్తడు, బట్ట పెడ్తడు. కాని ఆ ఇంట్ల గిన్నె ఏడ పెట్టాల్నో కూడా వదినెనడగాలె. నేను ఈడ్నే ఉంట. నా బతుకు నేను చూసుకుంట.”

నాయిన చాలాసేపు గడ్డం గోక్కుని ఒక గడువు పెట్టాడు. “వచ్చే దీపావళి దాక చూస్త. నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డవా, సరే. లేకుంటే మీ అన్న కారు తీసుకొస్తడు, మాట్లాడకుండ ఎక్కాలె.” అక్క సరేనంది. మా ఇంట్లో మాటంటే మాటే. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోరు, పుచ్చుకున్నవాళ్లు మరిచిపోరు.

నిలబడటానికి అక్క ఎంచుకున్న దారి గది. వానాకాలం వచ్చిందంటే శని, ఆదివారాల్లో హైదరాబాద్ సగం వికారాబాద్ గుట్టల్లోనే ఉంటుంది. తోటల్లో, చేలల్లో గదులు కట్టి కిరాయికిచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వికారాబాద్‌లో ఉంటూ ఆ గదులకు పట్నం మనుషుల్ని పంపించే ఒకాయన మా ఊరికీ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చలవ కళ్లద్దాలు తలమీదికి నెట్టుకుని మాట్లాడతాడు. మా చెలక చూసి, “లేక్ వ్యూ రూములకు మస్తు డిమాండ్ ఉందక్కా. మీ జాగా నీళ్ల పక్కనే ఉంది. ఒక్క గది కట్టండి, మనుషుల్ని పంపే పూచీ నాది” అన్నాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “లేక్ అంటే చెరువు, ఎర్కే. వ్యూ అంటే ఏంది?”

నేను పరీక్ష పేపర్లు ఒళ్లో పెట్టుకుని దిద్దుతున్నాను. “చూపు. కంటికి కనపడేది. దృశ్యం” అన్నాను.

“అంటే చెరువు కనపడే జాగల గది ఉండాలె. గంతేనా?”

“అంతే.”

అక్క బంగారు గాజులు అమ్మి గది కట్టించింది. మేస్త్రీ సేడం వైపు మనిషి, సగం కన్నడం సగం తెలుగు. గోడలకూ నేలకూ మా తాండూరు బండలే. బండ మీద బండ కూర్చోబెట్టి దిట్టంగా కట్టాడు. గృహప్రవేశం అంటూ ఏమీ చేయలేదు కానీ నేను సెలవు పెట్టి వెళ్లి చూశాను. గది చుట్టూ తిరిగాను, గోడ మీద చేయి వేసి చూశాను, మేస్త్రీని మెచ్చుకున్నాను, బోర్డు మీద ‘లేక్ వ్యూ రూమ్’ అని ఇంగ్లీషులో అందంగా రాసిచ్చాను. చాయ్ తాగి బస్సెక్కాను.

ఇంతమందిమి చూశాం, ఒక్కరికీ తట్టలేదు. గదికి ఉన్న ఒక్క తలుపూ తూర్పుకే, ఒక్క కిటికీ తూర్పుకే. కిటికీ తెరిస్తే గొర్రెల దొడ్డి కనిపిస్తుంది. కుక్క వచ్చినా దొంగ వచ్చినా తెలుస్తుందని అలా పెట్టారు. పడమటి గోడ మాత్రం నున్నగా, ఈగ దూరే సందు లేకుండా ఉంది. మా దగ్గర పడమటి గోడకు కిటికీ పెట్టరు. వానజల్లు అటు నుంచే కొడుతుంది, ఎండాకాలం సాయంత్రపు ఎండ అటు నుంచే వస్తుంది, వాస్తు చెప్పే పెద్దమనిషి కూడా పడమర బరువుండాలన్నాడు. నీళ్లున్నది పడమరే. గది వీపు నీళ్లకు, మొహం గొర్రెలకు. పైగా ఆ గోడకు ఎండ బాగా తగులుతుందని అక్క దాని నిండా పిడకలు కొట్టింది.

మొదటి అతిథులు కొత్తగా పెళ్లయిన జంట. అమ్మాయి పెట్టె దించి, గదంతా చూసి, కిటికీ తెరిచింది. దొడ్డిలోంచి నాయిన పొట్టేలు ఆమెను ఎగాదిగా చూసింది.

“వ్యూ ఎక్కడండీ?” అని అడిగింది అమ్మాయి.

“ఉన్నది, రాండ్రి” అని అక్క వాళ్లిద్దర్నీ బయటికి తీసుకెళ్లి, గది చుట్టూ తిప్పి, పిడకల గోడ పక్కన నిలబెట్టి చెయ్యి చాపింది. “గిదో. మొత్తం కనపడ్తది.”

అబ్బాయి నవ్వాడట. అమ్మాయి నవ్వలేదు. చీకటి పడకముందే వెళ్లిపోయారు. రెండోసారి వచ్చినవాళ్లు పెట్టె కూడా దించలేదు.

“నువ్వు చెప్పిందేంది, గీళ్లు అడిగేదేంది?” అని అక్క ఫోన్‌లో నన్ను కడిగేసింది. “కనపడేదే వ్యూ అంటివి. కండ్లున్నోళ్లు బయటికొస్తే కనపడ్తలేదా?”

నేను గదుల ఆయనకు ఫోన్ చేస్తే ఆయన ఓపికగా చెప్పాడు. “మేడం, మీరు లేచి వెళ్లి చూస్తే అది వ్యూ కాదు. మంచం మీద పడుకుంటే కనిపించాలి. టీ తాగుతుంటే కనిపించాలి. అదే మన దగ్గరికి రావాలి.” ఇన్నేళ్లుగా నేను పిల్లలకు చెబుతున్న ఏ వాక్యంలోనూ ఈ ముక్క లేదు. మర్నాడు తొమ్మిదో తరగతిలో, మీ ఇంట్లో కూర్చుంటే ఏం వ్యూ కనిపిస్తుందో రాయమన్నాను. బండలు కోసే మిషన్ల పక్క బస్తీ పిల్లలు ఎక్కువ. దాదాపు అందరూ ఎదురింటి గోడ అని రాశారు. అందరికీ మార్కులు వేశాను.

ఇక మిగిలింది గోడకు బొక్క కొట్టడమే. మేస్త్రీ వచ్చి గోడను అటూ ఇటూ తట్టి “ఆగల్లమ్మా” అన్నాడు. అవ్వదని ఆయన భాషలో చెప్పడం. బరువంతా ఆ గోడ మీదే ఉందట. నాయిన కూడా అదే పట్టు పట్టాడు. “వానకాలం మంచం మీద నీళ్లు పారుతయి, అప్పుడు నీ వ్యూ గిన్నెతోటి తోడుకో” అన్నాడు. అక్క ఎవరితోనూ వాదించలేదు. గోడ మీది పిడకలన్నీ గీకి తీసేసి, గోడ కడిగి, బొగ్గుతో గీత గీసి, మేస్త్రీ ముందు నిలబడింది. ఆయన తల పట్టుకుని, తాండూరు పోయి పొడవాటి మందపు బండ ఒకటి తెచ్చి, పైన అడ్డం పెట్టి, కింద గోడను జాగ్రత్తగా తొలిచాడు. గది కూలలేదు.

కిటికీ పెట్టిన రోజు సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ముగ్గురం మంచం మీద కూర్చుని చూశాం. ఎండ సూటిగా కళ్లలో పడుతోంది. అక్క నీళ్లు బాగా దిగాయంది. నేను బాగుందన్నాను, బాగుందో లేదో నాకింకా తేలకపోయినా. నాయిన ముందుకు వంగి, కళ్ల మీద చెయ్యి పెట్టుకుని చూసి, “ఆ ఒడ్డుకు గొర్లు ఎవరియి? మన దిక్కే వస్తున్నయే!” అని కర్ర తీసుకుని పరిగెత్తాడు. వ్యూ వల్ల మొదట లాభపడింది ఆయనే.

ఆ తర్వాత గది నడిచింది. ఎండాకాలంలో అంతంతమాత్రంగా, వానలు మొదలయ్యాక ప్రతి శనివారం. అక్క వండిన జొన్నరొట్టె, నాటుకోడి కూర తిని జనం మెచ్చుకున్నారు. వ్యూ అనే మాటను అక్క నాకంటే ధాటిగా వాడటం మొదలుపెట్టింది. “వ్యూ పొద్దుగూకేటప్పుడు ఇంకా మంచిగుంటది సార్, జర ఆగుండ్రి” అనేది. కిటికీ బయట నాయిన బీడీ కాలుస్తూ కూర్చుంటే, “నాయినా, వ్యూల కూసున్నవ్, పక్కకు జరుగు” అనేది. ఆయన గొణుక్కుంటూ జరిగేవాడు. గడువు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఈలోగా మిరుగం వచ్చింది, అంటే విత్తనాలు వేసే కార్తె. కిటికీ ముందున్న చెలకలో అక్క కంది విత్తింది. అంతకుముందు ఏటా నాయినే విత్తేవాడు. ఈసారి చేను నీదే అని ఆమె చేతికిచ్చాడు. ఆ నేలలో మా తాత నాటి నుంచీ కందే. తాండూరు కందిపప్పు అంటే ఎక్కడైనా పేరుందని మావాళ్లకు గర్వం, వేరే పంట వేయాలన్న ఆలోచన కూడా రాదు. మొలకలప్పుడు పట్నం వాళ్లు పచ్చగా ఉందని ఫోటోలు తీసుకున్నారు. వినాయకచవితికి నడుం దాకా వచ్చింది. బతుకమ్మ నాటికి మనిషిని మించి ఎదిగింది. పసుప్పచ్చగా పూత విరగబూసింది. మంచం మీద కూర్చుంటే కంది, నిలబడితే కంది. నీళ్ల చుక్క కూడా కనిపించదు.

కంది ఎంత ఎత్తు ఎదుగుతుందో మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. కిటికీ ఎక్కడుందో తెలియనివాళ్లూ లేరు. ఆ రెండూ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరంతే.

దసరా సెలవులకు నేను ఇంట్లో ఉండగా గదుల ఆయన వచ్చాడు. కళ్లద్దాలు ఈసారి తలమీద కాదు, చేతిలో ఉన్నాయి. కంప్లయింట్లు వస్తున్నాయన్నాడు. కిటికీకి ఎదురుగా ఒక పది సాళ్లు కోసేస్తే నీళ్లు మళ్లీ కనిపిస్తాయని, ఆ పంటకయ్యే నష్టం తనే ఇస్తానని అన్నాడు. “సీజన్ ఇంకా నెలన్నర ఉందక్కా. ఇప్పుడు పేరు పోతే మళ్లీ రాదు. నేను కూడా లిస్టులోంచి తీసేయాల్సి వస్తుంది.”

నేను వెంటనే కోసేయమన్నాను. ఇందులో ఆలోచించడానికేముంది? దీపావళి దగ్గర్లోనే ఉంది. గది ఆగిందంటే అక్క కారెక్కాల్సిందే. పది సాళ్ల కందికి అంత లెక్కేమిటని నాకు కోపం కూడా వచ్చింది. నాయిన కూడా నా మాటే అన్నాడు. “కోసెయ్యి బిడ్డా. గది నడిస్తేనే నువ్వు ఈడుంటవ్.” ఆయన అక్క ఉండాలని కోరుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

అక్క కొడవలి తీసుకుని చేలోకి వెళ్లింది. మేం ముగ్గురం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. ఆమె మొదటి సాలు దగ్గర ఆగింది, ఒక కొమ్మను వంచి పట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తేనెటీగల మోత గదిలోకి వినిపిస్తోంది. కొమ్మను వదిలేసి తిరిగొచ్చింది.

“పూత మీదున్నది నాయినా” అంది.

పూత మీదున్న చేను కడుపుతో ఉన్న మనిషి లాంటిదని, దాంట్లో కొడవలి పెట్టకూడదని మాకు చెప్పిందే నాయిన. చిన్నప్పుడు అన్న పూసిన కంది కొమ్మ విరిచి ఆడుకుంటుంటే ఆ కొమ్మతోనే వీపు మీద వాయించాడు. ఇప్పుడు కోయమన్న నోటితో ఏమంటాడు? తల దించుకుని తన కాళ్లు చూసుకున్నాడు.

అక్క గదుల ఆయన వైపు తిరిగింది. “నేను కొయ్య సార్.”

“అక్కా, వ్యూ లేకపోతే గది ఎవరికి కావాలి?”

“వ్యూ లేకేం? నీళ్లు యాడికి పోతయి? కంది కోసినంక మళ్ల కనపడ్తయి. అప్పటిదాక గిదే వ్యూ. కందిచేను వ్యూ అని రాయుండ్రి.”

ఆయన నవ్వాడు. అక్క నవ్వకపోయేసరికి ఆపేశాడు. “అలా సీజన్‌కొక వ్యూ ఉంటే అమ్మడం కష్టమక్కా” అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

“నేను గది కిరాయికిచ్చిన సార్. చేను ఇయ్యలే.”

ఆయన వెళ్లిపోయాడు. చెప్పినట్టే రెండు రోజుల్లో మా గదిని తీసేశాడు కూడా. నేను అక్కతో పోట్లాడాను. పది సాళ్ల కోసం బతుకు పోగొట్టుకుంటావా అన్నాను, మొండిదానివన్నాను. ఆమె పల్లెం నా ముందుకు జరిపి “తిను” అంది. సెలవులు అయిపోయి తాండూరు వెళ్లాక కూడా నా కోపం తగ్గలేదు. కోపం అక్క మీదో, ఆ మాట మీదో చెప్పలేను. ‘వ్యూ’ అనే మాట మాకు రాకముందు ఆ చెలకలో గది లేదు, కిటికీ లేదు, కందికి ఎవరూ వంక పెట్టలేదు. వచ్చాక ఇప్పుడు కంది అడ్డం అయింది.

అక్టోబరు అంతా గది ఖాళీగా ఉంది. అక్క రోజూ ఊడ్చి, దుప్పటి దులిపి, కిటికీ తెరిచి పెట్టేది. పూత రాలింది, కాయ పట్టింది.

దీపావళి మర్నాడు అన్న కారుతో వచ్చాడు. నేనూ వెళ్లాను. అక్క అప్పటికే ఒక సంచిలో నాలుగు చీరలు మడిచి పెట్టుకుంది. మాట మాటే కదా. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ మా ముందు ఏడవలేదు. అన్నకు ఇబ్బందిగా ఉంది. గదిలోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు, బయటికొచ్చాడు, పిల్లలు అత్త కోసం ఎదురు చూస్తున్నారని చెప్పాడు, మళ్లీ లోపలికి వెళ్లాడు. అందరం నాయిన కోసం ఆగాం. ఆయన గొర్రెల్ని దొడ్డిలోకి తోలి, కాళ్లు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“మరి బయల్దేరమంటవా నాయినా?” అన్నాడు అన్న.

నాయిన సంచి వైపు చూశాడు, అక్క వైపు చూడలేదు. “చేను కోతకు రాలే. కొయ్యకుండ ఎట్లొస్తది?”

“సరే, కోసినంకనే తీసుకపోత.”

“కోసినంక కందికట్టె ఎత్తాలె. కట్టె ఎత్తినంక దున్నాలె. దున్నినంక మిరుగమొస్తది, మళ్ల విత్తాలె. నడుమ తీరికేడున్నది బిడ్డకు?”

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అన్న కారు తాళాలు జేబులో వేసుకుని నాయిన పక్కన కూర్చున్నాడు. అక్క సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. చీరలు ఒక్కొక్కటే తీసి, దులిపి, మళ్లీ దండెం మీద వేసింది.